కొంచెం పుల్లని పిండి, ఎంతో పని: మన శరీరంలో ఎంజైములు



మూడు కుంచాల పిండిలో ఒక స్త్రీ కొంచెం పుల్లని పిండి కలిపిన ఉపమానం మనకు తెలిసినదే. సండే స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. సువార్త వ్రాయబడిన గ్రీకు భాషలో ఆ పుల్లని పిండిని 'జూమే' అంటారు. 1877లో విల్‌హెల్మ్ క్యూనే అనే జర్మనీ శాస్త్రవేత్త, జీవుల్లో మార్పులు జరిపించే కొన్ని పదార్థాలకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ మాటనే తీసుకున్నాడు. 'ఎన్ జూమే' అంటే 'పుల్లని పిండిలో ఉన్నది' అని అర్థం. అదే మనం ఈనాడు 'ఎంజైమ్' అంటున్న మాట.

పేరుకు తగినట్టే వాటి పని కూడా ఉంటుంది. ఎంజైమ్ ఉండేది కొంచెమే. కంటికి కనబడదు, చప్పుడు చెయ్యదు. కాని అది లేకపోతే ముద్ద ముద్దగానే ఉండిపోతుంది, ఏ మార్పూ జరగదు.

మన ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది ఈ మాటను రక్తపరీక్ష కాగితం మీదో, మందుల సీసా మీదో చూసి ఉంటారు. ఎంజైములు ఎలా పనిచేస్తాయి, వాటిలో ఒక్కటి ఆగిపోయినా, పుట్టుకతోనే తక్కువైనా ఏమవుతుంది, అప్పుడు మనం ఏం చెయ్యాలి అనే సంగతులు ఈ సంచికలో తెలుసుకుందాం. పొలంలో పురుగుమందు కొట్టేవారున్న కుటుంబం, పసిబిడ్డ ఉన్న కుటుంబం దీన్ని తప్పక చివరి వరకు చదవాలని మనవి.

ఎంజైమ్ అంటే ఏమిటి?

డబ్బాలో పోసిన పంచదార ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నిప్పుల మీద వేస్తే మాడి బొగ్గవుతుంది. అదే పంచదార మన కడుపులోకి వెళ్లిన తరువాత మంట లేకుండా, పొగ లేకుండా, 37 డిగ్రీల ఒంటి వెచ్చదనంలోనే కొద్ది గంటల్లో శక్తిగా మారుతుంది. డబ్బాలో జరగని పని, నిప్పు మీద మాత్రమే జరిగే పని, మన ఒంట్లో ఇంత నెమ్మదిగా ఎలా జరుగుతోంది? ఎంజైముల వల్లనే.

ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే, అంటే మాంసకృత్తులే. ప్రతి జీవకణం తనకు కావలసిన ఎంజైములను తానే తయారు చేసుకుంటుంది. బడి పుస్తకాల్లో వీటిని 'జీవ ఉత్ప్రేరకాలు' అని చదువుకున్నాం. ఉత్ప్రేరకం అంటే ఒక రసాయన మార్పును త్వరగా జరిపించి, తాను మాత్రం ఖర్చు కాకుండా మిగిలేది.

దీన్ని ఒక పోలికతో చెప్పుకుందాం. కొండకు అవతల ఒక ఊరు ఉంది. కొండ ఎక్కి దిగి వెళ్లాలంటే ఎంతో బలం కావాలి. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. అదే కొండల నడుమ ఒక కనుమ దారి ఉంటే ముసలివారు కూడా నడిచి అవతలికి చేరతారు. ఎంజైమ్ చేసే పని ఆ కనుమ దారి చూపించడమే. ఎక్కవలసిన ఎత్తును తగ్గిస్తుంది. అసలు జరగడానికి వీలులేని మార్పును ఎంజైమ్ కూడా జరిపించలేదు. జరగగలిగినదాన్ని మాత్రం క్షణాల్లో జరిపిస్తుంది.

తాళము, తాళంచెవి

1894లో ఎమిల్ ఫిషర్ అనే శాస్త్రవేత్త ఎంజైముల పనిని తాళంతో, తాళంచెవితో పోల్చాడు. ప్రతి ఎంజైముకు తనదైన ఆకారం ఉంటుంది. అందులో ఒక చిన్న గుంట వంటి చోటు ఉంటుంది. దానిలో సరిగ్గా అమరే పదార్థాన్నే అది పట్టుకుంటుంది. పట్టుకుని, విడగొట్టడమో మరొకదానితో కలపడమో చేసి, వదిలివేస్తుంది. వెంటనే తరువాతి దాన్ని పట్టుకుంటుంది. 1958లో డేనియల్ కోష్‌లాండ్ ఈ పోలికను కొంచెం సవరించాడు. చెయ్యి దూరినప్పుడు తొడుగు కాస్త సర్దుకున్నట్టుగా, పదార్థం వచ్చి అమరినప్పుడు ఎంజైమ్ కూడా కాస్త సర్దుకుంటుందని చెప్పాడు.

ఇందులో మనం గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఒకటే: ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పని. పిండి పదార్థాన్ని విడగొట్టేది క్రొవ్వును ముట్టుకోదు. క్రొవ్వును విడగొట్టేది మాంసకృత్తుల జోలికి పోదు. ఒకటి ఆగిపోతే పక్కనున్నది వచ్చి ఆ పని అందుకోవడం సాధారణంగా జరగదు. కొన్ని జబ్బుల మూలం ఇక్కడే ఉంది.

వీటి వేగం ఎంతో చూడండి. ఎర్ర రక్తకణాల్లో కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంది. మన కండరాల్లో పుట్టిన బొగ్గుపులుసు వాయువును రక్తంలో కరిగించి ఊపిరితిత్తులకు చేర్చడంలో ఇది సహాయపడుతుంది. దీని ఒక్క అణువు సెకనుకు సుమారు పది లక్షల సార్లు తన పని చెయ్యగలదు.

కంటితో చూడాలనుకుంటే డ్రెస్సింగ్ గదిలో చూడవచ్చు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే తెల్లని నురగ పొంగుతుంది. అది చీము పొంగడమని కొందరు అనుకుంటారు. మన రక్తంలో, కండలో ఉన్న కాటలేజ్ అనే ఎంజైమ్ ఆ మందును నీరుగాను, ఆక్సిజన్‌గాను విడగొడుతోంది. ఆ ఆక్సిజన్ బుడగలే నురగ. సీసాలో నెలల తరబడి కదలకుండా ఉన్న మందు పుండు తగిలిన క్షణంలోనే పొంగింది.

వంటింట్లో ఎంజైములు

అన్నం ముద్దను మింగకుండా రెండు నిమిషాలు బాగా నమిలి చూడండి. కొంచెం తియ్యగా అనిపిస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిని చక్కెరగా విడగొట్టడం మొదలుపెట్టిందన్నమాట. బాగా నమిలి తినమని పెద్దలు చెప్పే మాటలో ఇంత అర్థం ఉంది.

ముదురు మాంసం ఉడకదనుకున్నప్పుడు పచ్చి బొప్పాయిని నూరి పట్టిస్తారు. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైమ్ మాంసపు పీచును విడగొట్టి మెత్తబరుస్తుంది. అయితే పట్టించి కొంతసేపు ఉంచాలి. కూర మరుగుతుండగా వేస్తే పెద్ద ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఎక్కువ వేడికి ఎంజైమ్ చెడిపోతుంది. గుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడిన తరువాత మళ్లీ నీరు కానట్టే, వేడికి ఆకారం చెడిన ఎంజైమ్ మళ్లీ పనికిరాదు.

పాలు తోడు పెట్టేటప్పుడు గోరువెచ్చగా ఉండాలని ప్రతి ఇల్లాలికీ తెలుసు. తోడులోని సూక్ష్మజీవులు తమ ఎంజైములతో పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. పాలు మరీ వేడిగా ఉంటే ఆ సూక్ష్మజీవులు, వాటి ఎంజైములు నశిస్తాయి. మరీ చల్లగా ఉంటే పని నెమ్మదిస్తుంది. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకోవడం, ఫ్రిజ్‌లో పెట్టిన పదార్థం త్వరగా చెడిపోకపోవడం ఇందువల్లనే.

వేడి లాగానే పులుపు కూడా వీటికి ముఖ్యం. కడుపులోని పెప్సిన్ ఆమ్లంలోనే చక్కగా పనిచేస్తుంది. చిన్నప్రేగులోకి క్లోమం నుండి వచ్చే ట్రిప్సిన్‌కు ఆ ఆమ్లం పనికిరాదు. అందుకే కడుపు దాటిన ఆహారంలోని పులుపును విరిచే క్షారరసాన్ని కూడా క్లోమం పంపుతుంది. ఎవరి చోటు వారిది, ఎవరి పని వారిది.

పాలు తాగితే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నతనంలో బాగా ఉండి, పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. వారు పాలకు బదులు పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చు. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని ముందే విడగొట్టి ఉంచుతాయి. అయితే విరేచనాలు అవుతున్నాయని పసిబిడ్డకు తల్లిపాలు మాత్రం ఎన్నడూ ఆపకూడదు.

ఎంజైములకు తోడ్పడేవి

కొన్ని ఎంజైములు ఒంటరిగా పనిచెయ్యలేవు. ఇనుము, జింకు వంటి లోహాలో, బి విటమిన్లో వాటికి తోడు కావాలి. విటమిన్లు కొంచెమే కావాలనడానికి కారణం ఇదే. అవి ఇంధనం కావు, పనిముట్లు.

బి1 విటమిన్ బియ్యపు తవుడులో ఉంటుంది. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే ప్రధాన ఆహారమైనప్పుడు ఆ విటమిన్ అందక, చక్కెరను శక్తిగా మార్చే ఎంజైములు కుంటుపడతాయి. కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడే బెరిబెరి జబ్బు అలా వస్తుంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఈ జబ్బు ఉండేది. ధాన్యాన్ని ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ ఎక్కువగా నిలుస్తుంది.

ఎంజైమును ఆపి జబ్బును కుదిర్చే మందులు

మీరు వాడే మందుల్లో చాలా వరకు ఏదో ఒక ఎంజైమును అడ్డగించడం ద్వారానే పనిచేస్తాయి. తాళంలో తప్పుడు తాళంచెవి దూర్చి ఇరికించినట్టు అవి ఎంజైములోని గుంటలో ఇరుక్కుంటాయి. ఆస్పిరిన్ నొప్పిని, వాపును పుట్టించే పదార్థాలను తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. ఈ సంగతిని జాన్ వేన్ 1971లో తెలియజేశాడు. రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తనాళాలను బిగించే పదార్థం తయారుకాకుండా ఒక ఎంజైమును ఆపుతాయి. అటోర్వాస్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యే మెట్టును ఆపుతుంది. పెనిసిలిన్ సూక్ష్మజీవి తన గోడ కట్టుకునే ఎంజైమును ఆపుతుంది. మన కణాలకు అటువంటి గోడ లేదు కనుక సూక్ష్మజీవి చస్తుంది, మనం బ్రతుకుతాం.

ఈ దారిలో మన తెలుగువాడు ఒకరు గొప్ప మేలు చేశారు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పనిచేశారు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. చూడడానికి ఫోలిక్ ఆమ్లం లాగానే ఉండి, దానిని వాడుకునే ఎంజైమును అడ్డగించే మందును ఆయన బృందం తయారు చేసింది. ఆ అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ ఉన్న కొందరు పిల్లలకు కొంతకాలం జబ్బు తగ్గినట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు గారు ఆ సంవత్సరమే మరణించారు. అదే వరుసలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. మిగతా మాత్రల్లాగే రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. ఏ రోజు వేసుకోవాలో, ఉదాహరణకు 'సోమవారం' అని, మందుల కవరు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించుకోండి.

ఆపకూడని ఎంజైమును ఆపే విషం

మందు ఎంజైమును ఆపి మేలు చేస్తుంది. అదే విధంగా ఎంజైమును ఆపి ప్రాణం తీసేది పురుగుమందు.

మనం చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు నరం చివర నుండి అసిటైల్‌కోలిన్ అనే పదార్థం చిన్న బొట్టులా వెలువడి కండరాన్ని కదిలిస్తుంది. పని అయిపోగానే అక్కడే ఉన్న ఒక ఎంజైమ్ దాన్ని తుడిచివేస్తుంది. కండరం వదులవుతుంది. ఆ ఎంజైమ్ పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. కాలింగ్ బెల్ నొక్కి చెయ్యి తీస్తేనే మోత ఆగుతుంది. ఈ ఎంజైమ్ పని ఆ చెయ్యి తీయడం.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఈ ఎంజైమును పట్టుకుని వదలవు. పురుగుకూ మనిషికీ ఈ విషయంలో తేడా లేదు. అప్పుడు బెల్ మోగుతూనే ఉంటుంది. నోటి నుండి చొంగ, కంటి నుండి నీరు కారుతాయి. ఒళ్లంతా చెమటలు పోస్తాయి. కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. వాంతులు, విరేచనాలు అవుతాయి. కండరాలు అదురుతాయి, తరువాత పట్టు తప్పుతాయి. చివరకు ఊపిరి తీసుకునే కండరాలు కూడా ఆగిపోతాయి.

ఈ విషం నోటి ద్వారా మాత్రమే కాదు, చర్మం ద్వారా, ఊపిరి ద్వారా కూడా లోపలికి పోతుంది. చొక్కా లేకుండా పత్తి చేనులో రోజంతా మందు కొట్టినవారికి సాయంత్రానికి తలనొప్పి, వాంతి, చూపు మసక వస్తే అది ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టవద్దు.

వెంటనే చెయ్యవలసినవి ఇవి. తడిసిన బట్టలు తీసివేసి, ఒంటిని, తలను సబ్బుతో బాగా కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చెయ్యండి. మందు డబ్బాను, దాని మీది చీటీతో సహా ఆసుపత్రికి తెండి. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి మరో ప్రమాదం తెస్తాయి.

ఆసుపత్రిలో అట్రోపిన్ సూదిమందులు, ఆక్సిజన్ ఇస్తారు. అవసరమైతే కృత్రిమ శ్వాస యంత్రం పెడతారు. అట్రోపిన్ వల్ల నోరు ఎండుతుంది, రోగి కలవరించవచ్చు, మంచం మీద నుండి లేవబోవచ్చు. బంధువులు భయపడవద్దు. ఇంకొక మాట చాలా ముఖ్యం. మొదటిరోజు కోలుకుని మాట్లాడుతున్న రోగికి కూడా ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి బలహీనపడవచ్చు. బాగానే ఉన్నాడు కదా అని ముందుగా ఇంటికి తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోవచ్చు. డాక్టరు గారు పంపే వరకు ఉండండి. విషం పట్టేసిన ఎంజైముకు బదులు శరీరం కొత్తది తయారు చేసుకోవాలి. అందుకు వారాలు పడుతుంది. అంతవరకు ఆ మనిషి మళ్లీ మందు కొట్టకూడదు.

బాధలో, ఆవేశంలో తెలిసి తాగినవారిని కూడా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. కేసు అవుతుందని, నలుగురిలో మాట వస్తుందని దాచవద్దు. అటువంటివారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. మందలింపులు తరువాత కూడా వద్దు. దగ్గర కూర్చుని వినండి. మనసు బాగాలేనప్పుడు ఎవరైనా 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. పురుగుమందును మాత్రం ఇంట్లో పెట్టకండి. పెట్టవలసి వస్తే తాళం వేసి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి.

పుట్టుకతోనే ఒక ఎంజైమ్ తక్కువైతే

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. ఆ కాలమంతా అది ఆక్సిజన్ మోస్తుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టుగా, ఆక్సిజన్ వల్ల కణానికి జరిగే హానిని అడ్డుకోవడానికి జి-6-పి-డి అనే ఎంజైమ్ తోడ్పడుతుంది. ప్రపంచంలో 40 కోట్లమందికి పైగా ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారున్నారని అంచనా. మన ప్రాంతంలో కూడా ఉన్నారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. మామూలు రోజుల్లో వారికి ఏ ఇబ్బందీ ఉండదు.

కొన్ని మందులు, కొన్ని పదార్థాలు ఒంట్లోకి వెళ్లినప్పుడు మాత్రం వారి ఎర్ర రక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. ఒకటి నుండి మూడు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. కళ్లు పచ్చబడతాయి, ముఖం పాలిపోతుంది, ఆయాసం వస్తుంది. మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ వల్ల కొందరికి ఇలా ఎందుకు జరుగుతోందని వెదకగా, 1956లో ఈ ఎంజైమ్ లోపం బయటపడింది. కుష్ఠు చికిత్సలో ఇచ్చే డాప్సోన్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. భయపడి మందులు మీకు మీరే మానవద్దు. మలేరియా, కుష్ఠు పూర్తిగా నయం కావాలంటే చికిత్స పూర్తి చెయ్యాలి. మూత్రం రంగు మారితే మాత్రం వెంటనే వచ్చి చెప్పండి. డాక్టరు మందు మారుస్తారు, లేదా మోతాదు మారుస్తారు.

ఫావా అనే ఒక రకం చిక్కుడు గింజ కూడా వీరికి పడదు. మన పెరట్లో కాసే చిక్కుడు అది కాదు. కాని గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవారు ఉదయం రొట్టెతో తినే 'ఫూల్' ఆ గింజలతో చేసినదే. లోపం ఉన్నవారు దాన్ని ముట్టకూడదు.

పసిబిడ్డల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బిడ్డ పుట్టగానే పెట్టెలోంచి పాత మెత్తని బట్టలు, దుప్పట్లు తీసి వాడడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఆ పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంటే, ఆ నాఫ్తలీన్ ఆవిరి బిడ్డ ఒంట్లోకి పోతుంది. జి-6-పి-డి తక్కువగా ఉన్న బిడ్డకు దానివల్ల తీవ్రమైన కామెర్లు వస్తాయి. కామెర్లు మరీ ఎక్కువైతే మెదడుకు శాశ్వత హాని జరిగి, వినికిడి పోవచ్చు, కాళ్లు చేతులు స్వాధీనం తప్పవచ్చు. కాబట్టి బిడ్డ బట్టల దగ్గర కలరా ఉండలు వద్దు, ఎండిన వేపాకు చాలు. పసిబిడ్డలకు గోరింటాకు కూడా పెట్టవద్దు.

పుట్టిన మొదటిరోజే కళ్లు పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చగా కనిపించినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకురండి. పొద్దుటి ఎండ చూపిస్తే చాలుననుకోవద్దు. ఆసుపత్రిలోని నీలిరంగు దీపాల వెలుగు ఆ పని చేస్తుంది.

ఈ లోపాన్ని తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఉంది. కణాలు పగిలిన రోజుల్లో చేస్తే పరీక్ష పొరపాటున బాగానే ఉన్నట్టు చూపవచ్చు. లోపమున్న పాత కణాలు పోయి కొత్త కణాలు మిగిలి ఉండడమే దీనికి కారణం. అందుకే సుమారు మూడు నెలల తరువాత మళ్లీ చేయించమంటారు.

ఎవరిదీ తప్పు కాదు

జి-6-పి-డి లోపం తల్లి ద్వారా ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. ఇంకా ఇతర ఎంజైమ్ లోపాలు చాలావరకు తల్లి నుండి, తండ్రి నుండి లోపమున్న ప్రతి ఒక్కొక్కటి కలిసినప్పుడే బయటపడతాయి. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఆ అవకాశం ఉంటుంది. మేనమామనో, మేనబావనో చేసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. వరుస కుదిరిందని సంబంధం నిశ్చయించే ముందు పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. ఇప్పటికే పెళ్లయినవారు భయపడనవసరం లేదు. గర్భం దాల్చకముందే డాక్టరుతో మాట్లాడండి. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుండి తీసే కొద్ది రక్తపు బొట్లతో కొన్ని లోపాలను ముందే కనిపెట్టవచ్చు. కొన్నింటికి ఆహారం మార్చడమే చికిత్స.

బిడ్డకు జబ్బు వస్తే మన ఇళ్లలో తల్లిని తప్పుపట్టడం ఇంకా ఉంది. పుట్టు గ్రుడ్డివాని చూసి, ఎవరి పాపం వలన ఇలా జరిగిందని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ఆలోచననే త్రోసిపుచ్చారు. మనం కూడా త్రోసిపుచ్చుదాం.

రక్తపరీక్ష కాగితం మీద, మందుల దుకాణంలో

ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనేవి కణాల లోపల ఉండవలసిన ఎంజైములు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు అవి కారి రక్తంలోకి వస్తాయి. కుండ పగిలితే నీళ్లు నేలమీద కనిపించినట్టే. క్లోమం వాచినప్పుడు అమైలేజ్, లైపేజ్ అలాగే పెరుగుతాయి. ఆ అంకె జబ్బుకు గుర్తు మాత్రమే. అంకెను తగ్గించే మందు కోసం కాకుండా, కారణం కోసం వెదకాలి.

అన్నం అరగడం లేదని ఎంజైమ్ టానిక్కులు కొని తాగేవారు చాలామంది. క్లోమం పాడైనవారికి ఎంజైమ్ క్యాప్సూల్స్ నిజంగా అవసరం. వారు భోజనంతో పాటు వేసుకోవాలి. మిగతావారి శరీరం కావలసినన్ని ఎంజైములను తానే తయారు చేసుకుంటుంది. ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, జిడ్డుగా విరేచనం కావడం ఉంటే టానిక్కుతో కాలం గడపకుండా పరీక్ష చేయించుకోండి.

గోడకు అంటించుకోవలసిన మాటలు

1. పురుగుమందు కొట్టేటప్పుడు ఒళ్లంతా కప్పే బట్టలు, చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకోండి. గాలికి ఎదురుగా కొట్టవద్దు. చేత్తో కలపవద్దు. మధ్యలో బీడీ, గుట్కా, భోజనం వద్దు. ఖాళీ డబ్బాను ఇంటి అవసరాలకు వాడవద్దు.

2. మందు కొట్టినవారికి చొంగ, చెమట, వాంతి, చూపు మసక కనిపిస్తే బట్టలు తీసి, సబ్బుతో కడిగి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకురండి.

3. పసిబిడ్డ బట్టల్లో కలరా ఉండలు వెయ్యవద్దు.

4. కొత్త మందు మొదలుపెట్టిన తరువాత మూత్రం ముదురు రంగులోకి మారితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

5. జి-6-పి-డి లోపం ఉన్నదని తెలిసినవారు ఆ సంగతి ఒక కార్డు మీద వ్రాయించుకుని ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, మందుల దుకాణానికి వెళ్లినా ముందు అది చూపించండి.

6. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే.

మన ప్రతి కణంలోనూ ఈ చిన్న పనివారు వేల సంఖ్యలో, మనం నిద్రపోతున్నప్పుడు కూడా, తమకు అప్పగించిన ఒక్కొక్క పనిని నమ్మకంగా చేస్తున్నారు. ఇంత వివేకంతో మన దేహాన్ని నిర్మించిన దేవునికి స్తోత్రం. ఆ దేహాన్ని జాగ్రత్తగా చూసుకోవడం మన వంతు. ఈ కాగితం చదివిన తరువాత, చదువురాని ఇరుగుపొరుగువారికి కూడా చదివి వినిపించండి.